కొండ దిగిన కాళ్లకు నాలుగు దినములు

నేను మొదటిమారు ఖర్దూంగ్‌లా కనుమను పరుగున దాటి వచ్చిన మరునాడు చేసిన తెలివితక్కువ పనిని ముందు చెప్పి, పిదప ఈ అధ్యాయమునందలి విషయమునకు వచ్చెదను. తెల్లవారుజామున ఐదు గంటలకు, కాళ్లు రెండును కఱ్ఱలవలె బిగిసియుండగా, హైదరాబాదునుండి వచ్చిన మిత్రులిద్దరితో కూడి బాడుగకారెక్కి, 17,000 అడుగులకు పైబడిన చాంగ్‌లా కనుమ మీదుగా పాంగాంగ్ సరస్సును చూడబోయితిని. ఇంతదూరము వచ్చియు ఆ నీలసరస్సును చూడక పోవుట యెట్లని మా వాదము. "సార్, నిన్ననే కదా పరుగెత్తారు, ఇవాళ పడుకోండి" అని కారు నడుపువాడు హిందీలో రెండుమార్లు చెప్పినాడు, వినలేదు. కనుమ దాటులోపలనే తలనొప్పి ఆరంభమయ్యెను. సరస్సు చేరునప్పటికి వాంతులు. గంటలకొలది ప్రయాణము చేసి చేరిన ఆ స్థలమున, కారు తలుపు తెఱచి కాలు క్రింద పెట్టుటకు శక్తి చాలక, అద్దములోనుండియే పావుగంటసేపు నీళ్లను చూచి, ఒక ప్లాస్టిక్కు సంచి ఒడిలో పెట్టుకొని తిరిగి వచ్చితిని. అప్పుడు మిత్రుడు తీసిన ఛాయాచిత్రమొకటి నాయొద్ద నున్నది. అందులో సరస్సెంత నీలముగా నున్నదో నా మొగమును అంత నీలముగానే యున్నది.

లదాఖ్ మారథాన్ 2012లో ఆరంభమైనది. సెప్టెంబరునందు జరుగు ఆ పందెములలో, ఖర్దూంగ్ గ్రామమునుండి బయలుదేరి, కనుమ నెక్కి, లేహ్ పట్టణమునకు దిగు 72 కిలోమీటర్ల పరుగు ఎంతటివానినైనను కుంగదీయునది. అర్ధరాత్రి దాటిన మూడు గంటలకు బయలుదేరవలెను; మొదటి 32 కిలోమీటర్లు ఎక్కుడు, తక్కిన 40 దిగుడు. కనుమమీద చిరకాలము నిలిచియుండిన బోర్డుపై 18,380 అడుగులని చదివి మురిసిపోయినవారు పెక్కురు గాని, నేటి కొలతలను బట్టి అది 17,600 అడుగులకు కొంచెము తక్కువయే. ఆ యెనిమిది వందల అడుగులు తగ్గినంతమాత్రమున అచట ఊపిరి సులభముగా ఆడునని యెవ్వరును భ్రమపడవలదు. ఈ పరుగునకు మన తెలుగువారును పోవుచున్నారు. కేబీఆర్ పార్కు చుట్టును, విశాఖ సముద్రతీరమునను నెలలతరబడి సాధన చేసి, గాలికి అలవాటుపడుటకై పదిదినములు ముందుగానే లేహ్ చేరి, ఏ పూట ఏమి తినవలెనో, ఏ కిలోమీటరున ఎన్ని గ్రుక్కలు త్రాగవలెనో కాగితముపై వ్రాసికొనువారిని నేనెఱుగుదును. పందెమునకు ముందటి దినములకు ఇంతటి లెక్క వేసినవారే, పందెము ముగిసిన మరునాటి ఉదయమున ఏమి చేయుదురని యడిగినచో, తిరుగు విమానపు టిక్కెట్టు చూపుదురు. లేదా, నావలె, పాంగాంగ్ అందురు.

ఇందులో ఒక విచిత్రము కలదు. ఆ పరుగునందు నేను కొండను చూడలేదు. చీకటిలో మూడుగంటలసేపు నుదుటిదీపము వెలుగు పడిన రెండు గజముల దారినే చూచితిని. తెల్లవారిన పిమ్మట నా ముందు పోవువాని మడమలను చూచితిని. కనుమ దాటిన తరువాత గడియారమునే చూచితిని. హిమాలయమునంతను చెమటతో కొలిచి వచ్చినవానిని ఆ హిమాలయ మెట్లుండునని ఎవరైన అడిగినచో చెప్పుటకు వానియొద్ద రెండు గజముల తారురోడ్డు దక్క మఱేమియు లేదు. కావున పరుగు తరువాతి దినములు సోమరితనపు దినములు కావనియు, పరుగున తప్పిపోయినదానిని కన్నులతోను నాలుకతోను తిరిగి సంపాదించుకొను దినములనియు నా నిశ్చితాభిప్రాయము. అయితే ఆ సంపాదనకు వేగము పనికిరాదు. వేగముగా పోవుటకు శరీరమే ఒప్పుకొనదు. శరీరమెందుకు ఒప్పుకొనదో కొంచెము తెలిసికొన్నయెడల తక్కిన ప్రణాళిక యంతయు దానంతట అదియే ఏర్పడును.

కొండ నెక్కునప్పుడు తొడకండరము ముడుచుకొనుచు బరువు నెత్తును. దిగునప్పుడు అదే కండరము సాగుచునే బరువును ఆపవలసియుండును. ముడుచుకొని చేయు పనికంటె సాగుచు చేయు పని కండరపు పోగులను అధికముగా చీల్చును. నలువది కిలోమీటర్లు దిగుటయన్న వేలకొలది పర్యాయములు ఆ పోగులను లాగి విడుచుటయే. ఆ నొప్పి వెంటనే తెలియదు. మరునాడు మొదలై, రెండవనాడును మూడవనాడును ముదిరి, పిదప నెమ్మదిగా తగ్గును. మరునాటి ఉదయమున "నాకేమియు లేదు, బాగుగనే యున్నాను" అని బయలుదేరినవాడు మధ్యాహ్నమునకు మెట్లమీద కూలబడుటకు ఇదియే కారణము. నొప్పులను చూచి భయపడవలసిన పని లేదు. చదునైన నేలపై మెల్లగా నడచినచో బిగువు సడలును. మొదటినాడే బలముగా పిసికించుకొనుట మాత్రము తగదు. ఒళ్లెండియుండగా నొప్పిమాత్రలను ఇష్టమువచ్చినట్లు మ్రింగుట మూత్రపిండములకు చేటు. మూత్రము నల్లని కషాయపు రంగున వచ్చినను, కూర్చుండియున్నప్పుడే ఆయాసము వచ్చినను, త్రాగినవానివలె నడక తూలినను, అది యలసటయని సరిపెట్టుకొనక తక్షణమే ఆసుపత్రికి పోవలెను. ఇక కడుపుబ్బునంత నీరు త్రాగుటయు మంచిది కాదు. దాహమును బట్టి, ఉప్పు కలిసినదానిని త్రాగవలెను.

ఈ ఉప్పు అను మాటయే మనలను లేహ్ వంటయింటికి తీసికొనిపోవును.

లదాఖీలు త్రాగు ఉప్పుతేనీటిని 'గుర్‌గుర్ చాయ్' అందురు. పొడవైన కొయ్యగొట్టములో తేయాకు కషాయము, వెన్న, ఉప్పు పోసి కవ్వపుకఱ్ఱ వంటి దానితో పైకి క్రిందికి చిలుకునప్పుడు వచ్చు గురగుర శబ్దమే దాని పేరు. మనవారిలో తొంబదిపాళ్లు దీనిని ఒక గ్రుక్క త్రాగి గిన్నె దూరముగా జరుపుదురు. నేనును మొదట అట్లే చేసితిని. తప్పు పానీయమునందు లేదు, పేరునందున్నది. టీ యని తలచి నోట పోసికొన్నవానికి అది మోసముగా తోచును. చారు అని తలచి త్రాగిన, మిరియములు వేయని పలుచని చారువలె, వెచ్చగా గొంతు దిగును. చెమటలో పోయిన ఉప్పును, కరగిపోయిన క్రొవ్వును, ఎండిన ఒంటికి కావలసిన నీటిని ఒక్క గిన్నెలో కలిపి యిచ్చు పదార్థము మన క్రీడాపానీయముల దుకాణములలో నాకింతవరకు కనబడలేదు.

మొదటినాటి భోజనమునకు థుక్పాకు మించినది లేదు. అది పిండితో చేసిన పొడుగుపోగులను కూరగాయలతో కలిపి రసములో ఉడికించిన వంటకము. ఎత్తైన ప్రదేశములో ఆకలి మందగించును. అలసిన కడుపు గట్టిపదార్థమును త్రోసివేయును. పలుచని రసమును మాత్రము కాదనదు. ఇందులో మఱియొక సంగతియు నున్నది. లేహ్ 11,500 అడుగుల యెత్తున నుండుటచే అచ్చట నీరు 88 డిగ్రీల చాయననే మరగిపోవును. అందుచే కుక్కరు లేనిదే అన్నము మెతుకు విడదు, కందిపప్పు ఎంతకును ఉడకదు. "ఆంధ్రా భోజనం ఎక్కడ దొరుకుతుందండీ?" అని బజారంతయు కుంటుచు తిరుగు మిత్రులను చూచి నాకు జాలి కలుగును. బియ్యము ఆ నేలపై పండదు; పండునది యవలు, గోధుమలు, బఠాణీ, దుంపలు. ఆ నేల ఆ నిప్పుకు తగిన వంటలను వందలయేండ్లుగా దిద్దుకొన్నది. సంచిలో తెచ్చుకొన్న ఆవకాయను నేను నిందింపను, ఆ పాతకము నాకు వద్దు. కాని మొదటి రెండుదినములు దాని మూత తీయకుండుట కడుపునకు క్షేమము. యవలను పులియబెట్టి చేసిన ఛాంగ్ అను మద్యమును, ఎంత స్థానికమైనను, ఆ దినములలో ముట్టవలదు. ఎత్తుననున్నవాని నిద్రను అది మఱింత చెఱచును.

భోజనమైన పిమ్మట లేహ్ బజారులో కూర్చుండుడు. తిరుగుట కాదు, కూర్చుండుట. వాహనములు రాని ఆ వీథిలో మధ్యమధ్య బల్లలు వేసియున్నవి. ప్రక్కన, కాలిబాట అంచున, పల్లెలనుండి వచ్చిన స్త్రీలు గోనెపట్టాలు పఱచి క్యారెట్లు, టర్నిప్పులు, కొత్తిమీర కట్టలు, ఎండిన ఆప్రికాట్లు, రాళ్లవలె గట్టిపడిన చుర్పే జున్నుముక్కలు పెట్టుకొని, అమ్ముటకంటె మిన్నగా ఒకరితో నొకరు మాటలాడుకొనుటకే వచ్చినట్లుందురు. తలయెత్తిన యెడల వెనుక కొండమీద, 17వ శతాబ్దమునందు సెంగే నమ్‌గ్యాల్ రాజు కట్టించిన తొమ్మిదంతస్తుల కోట కనబడును. దానిని క్రిందినుండియే చూడుడని నా సలహా. లోపలి మెట్లు నిటారుగను, ఇరుకుగను ఉండును. ఆరోగ్యవంతునికే అవి పరీక్ష. అట్లే, 1991లో పూర్తియైన శాంతిస్తూపమునకు ఐదువందలకు పైగా మెట్లున్నవి; అయితే కారుబాట కూడ నున్నది. ఖర్దూంగ్‌లాను కాలినడకను జయించినవాడు శాంతిస్తూపమునకు కారులో పోవుట నామోషీ యనుకొనరాదు. సాయంకాలము నాలుగున్నరకు పోయి, సూర్యుడు స్తోక్ పర్వతపంక్తి వెనుకకు వాలువఱకు కూర్చుండి, చలిగాలి మొదలు కాకమునుపే దిగి రావలెను.

రెండవమారు పోయినపుడు నేను హోటలులో దిగక, ఊరిచివర ఒక యింట గది తీసికొని యుంటిని. ఆ యింటి యజమానురాలిని అందఱును 'ఆమా-లే' అని పిలుతురు. ఆమా యన్న అమ్మ. 'లే' యనునది మన 'గారు' వంటిది. అమ్మగారు అని పిలుచుట మనకును అలవాటే కావున నాకు ఆ పిలుపు రెండవపూటకే నోటికి వచ్చినది. ఆమె వంటయింట ఇనుపపొయ్యి నడుమ నుండును, గోడపొడవునను అరలలో ఇత్తడి రాగి పాత్రలు మన పండుగదినములలోవలె తళతళలాడుచుండును. పందెమైన మఱునాటి సాయంకాలము నేను ఆ పొయ్యిప్రక్క చాపపై కాళ్లు చాపుకొని కూర్చుండగా ఆమె స్క్యూ చేయుచుండెను. గోధుమపిండిని గట్టిగా కలిపి, త్రాడువలె సాగదీసి, బొటనవ్రేలి గోరంత ముక్కలుగా గిల్లి, ఒక్కొక్కదానిని బొటనవ్రేలితో ఒక్క నొక్కు నొక్కి చేటలోనికి విసరును. నొక్కిన ప్రతి ముక్కయు చిన్న దొన్నెవలె గుంటపడును. ఆ గుంటలోనికే రసము చేరునట. టర్నిప్పు, క్యారెట్టు, బంగాళాదుంప ఉడుకుచున్న కుండలో వాటిని వేసి మూత పెట్టెను. నేనును చేయి కడుగుకొని నొక్కబోయితిని. నావి కొన్ని రూపాయిబిళ్లలవలె పలుచనై చినిగినవి, కొన్ని గోలీలవలె మిగిలినవి. ఆమె వాటి నన్నిటిని చూచి, యేరి ఒక ప్రక్కన పెట్టి, "ఇవి నీకే" అనెను.

నేను గిన్నె చేతబట్టుకొనియుండగా మా యమ్మ ఫోను చేసినది. "ఏరా, అన్నం తిన్నావా?" "తింటున్నానమ్మా." "ఏం కూర?" "గోధుమపిండి తాలికలూ, దుంపల పులుసూ." అవతల కొంతసేపు నిశ్శబ్దము. "అదేం అన్నంరా నాయనా! కాసిని మెతుకులు దొరకవా?" ఆమాలేకు ఆ సంభాషణను హిందీలో చెప్పగా, ఆమె నవ్వి, నా గిన్నెలో మఱియొక గరిటె వేసినది. తల్లులకు దేశభేదము లేకున్నను ధాన్యభేదము మాత్రము కలదు.

ఉదయముల సంగతి చెప్పవలెను. పులియబెట్టిన గోధుమపిండితో మందముగా కాల్చిన ఖంబీర్ రొట్టెను వెన్నతోను, ఆప్రికాటు మురబ్బాతోను తిందురు. దాని పులుపు రెండవనాటికి నాలుకకు పట్టును. వేయించిన యవల పిండి, చంపా, మనకు క్రొత్తది కాదు; తొలియేకాదశినాడు బెల్లము కలిపి తిను పేలపిండికి అది దగ్గఱి చుట్టము. ఆకుకూర కలిపిన పెరుగును తంగ్‌తుర్ అందురు. మన పెరుగుపచ్చడికి తాళింపు పెట్టుట మఱచినట్లుండును. ఆప్రికాట్లలో 'రక్త్‌సే కార్పో' అనునది ప్రత్యేకము: గింజ తెల్లగా నుండుటచే ఆ పేరు వచ్చినది. చెట్టుమీది పండ్లు జూలై ఆగస్టులలోనే అయిపోవును గాని, సెప్టెంబరులో పల్లెలయందు ఇండ్ల కప్పులమీద ఎండవేసినవి నారింజరంగు పట్టాలు పఱచినట్లు కనబడును. కొద్దిగా జేబులో వేసికొని దారిపొడవునను నములుచు పోవుట, కండరములకు కావలసిన చక్కెర నిచ్చుటకు సులభమైన మార్గము. కొనునప్పుడు బేరమాడకుడు, అమ్ము అవ్వ అడుగు ధరకు మన జూబిలీహిల్స్ దుకాణములో అట్టపెట్టెయైన రాదు.

మూడవనాడు ఎక్కడికి పోవలెను? ఇక్కడనే అనుభవము లేనివారు పొరబడుదురు. లదాఖునందలి గొంపాలు, అనగా బౌద్ధవిహారములు, మిక్కిలిగా కొండశిఖరములపై నుండును. థిక్సే విహారము సుందరమైనది. 1970లో దలైలామా రాకను పురస్కరించుకొని నిర్మించిన మైత్రేయబుద్ధుని విగ్రహము రెండంతస్తుల యెత్తున నుండి చూపరులను ముగ్ధులను చేయును. కాని మెట్లు, మఱల మెట్లు. నాలుగవనాటికి దానిని ఉంచుకొనుడు. మూడవనాటికి తగినది ఆల్చి. అది లేహ్‌నకు పడమరగా రెండుగంటల ప్రయాణదూరమున, సింధునదీతీరమున, లేహ్ కంటె వెయ్యి అడుగులకు పైగా పల్లమున నున్నది. పైగా తక్కిన విహారములవలె శిఖరముమీద గాక ఊరిలో, ఆప్రికాటు తోటలనడుమ, చదునైన నేలపై నున్నది. పరుగెత్తిన కాళ్లవానికొఱకే కట్టించినట్లుండును. క్రిందికి పోవుటచే ఊపిరి తేలికపడును, నిద్ర బాగుగ పట్టును. పోవుదారిలో నిమ్మూయొద్ద ఆగి, జాన్స్కార్ నది సింధువులో కలియు చోటును రోడ్డుమీదినుండియే చూడవచ్చును. రెండు నీళ్ల రంగులును కొంతదూరము వేఱువేఱుగనే ప్రక్కప్రక్కన పోవును. అచ్చట పడవలో ఎగిరిపడుట పిల్లల పని.

ఆల్చియందలి సుమ్‌త్సెక్ అను మూడంతస్తుల మందిరము దాదాపు ఎనిమిది తొమ్మిదివందల యేండ్ల నాటిది. లోపల మూడు గూళ్లలో అవలోకితేశ్వరుడు, మైత్రేయుడు, మంజుశ్రీ అను ముగ్గురు బోధిసత్త్వుల మట్టివిగ్రహములు, శిరస్సులు పైయంతస్తులోనికి చొచ్చునంత యెత్తున, నిలిచియున్నవి. ఎండలోనుండి లోనికి పోయినవానికి మొదట కటికచీకటి తప్ప ఏమియు కనబడదు. మా వెనుక వచ్చిన యాత్రికుల జట్టొకటి లోపల తొంగిచూచి, "ఏమీ లేదు" అని ఒక నిమిషములో వెడలిపోయినది. నాకు కాళ్లు కదలకపోవుటచే గడపప్రక్కన చతికిలబడితిని. ఐదునిమిషములకు ఎఱుపు తేలినది. పది నిమిషములకు నీలము తేలినది. ఆపైన అవలోకితేశ్వరుని ధోవతిపై చిన్న చిన్న దేవాలయములు, మేడలు, గుఱ్ఱములపై పోవు రౌతులు, ఒక కాశ్మీరదేశమంతయు చిత్రింపబడియున్నట్లు ఒక్కొక్కటిగా కనబడజొచ్చినది. మంజుశ్రీ ధోవతిపై ఎనుబదినలుగురు సిద్ధులున్నారు. ఛాయాచిత్రములు తీయుట నిషిద్ధము, అదియు మేలే. నా బిగిసిన తొడలకు నేను కృతజ్ఞుడనైన క్షణము ఆ యాత్ర యంతటిలోను అదియొక్కటియే.

వెలుపల కావలిగా కూర్చున్న ముసలి భిక్షువు, నేను గోడ పట్టుకొని లేచుట చూచి నవ్వి, ఏయూరని హిందీలో అడిగెను. ఆంధ్రమంటిని, తెలియలేదు. హైదరాబాదంటిని; తల యూపెను గాని కన్నులలో ఏమియు కదలలేదు. అమరావతి యంటిని. ఆయన జపమాల త్రిప్పుట నాపి, "ధాన్యకటకమా?" అనెను. బుద్ధుడు కాలచక్రతంత్రమును మొదట ఉపదేశించిన స్థలము మన కృష్ణాతీరమునందలి ధాన్యకటకమని వారి సంప్రదాయము. లాసాయొద్ద ప్రసిద్ధమైన డ్రెపుంగ్ మహావిహారమునకు ఆ పేరు, బియ్యపురాశి యను అర్థమున, మన ధాన్యకటకమునుండియే వచ్చినది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్రదీక్ష నిచ్చినపుడు ఈ భిక్షువు అక్కడికి వచ్చియుండెనట. "మీ స్తూపం దగ్గర కూర్చుని జపం చేశాను. జనవరి అన్నారు గానీ మాకు ఎండాకాలమే. మీ కూర తిని రెండు రోజులు ఏడ్చాను" అనెను. నేను, మీ ఉప్పుటీ త్రాగి ఒకపూట ఏడ్చితి నంటిని. ఇద్దరము లెక్క సరిచేసికొని నవ్వుకొంటిమి. నేను పుట్టిన జిల్లాలోని ఊరి పేరు హిమాలయమునందలి ఒక లోయలో పుణ్యనామమై నాలుకపై నుండునని నాకు గడియారము చూచుకొనుచు పరుగెత్తినప్పుడు తెలియలేదు, పాంగాంగ్ అద్దములోనుండియు తెలియలేదు.

మన భాషలో యాత్రాగ్రంథములకు ఆద్యుడైన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశీ దర్శించి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరెను. ఏ మజిలీయందు ఏ వస్తువులు దొరకును, నీళ్లెట్లున్నవి, దిగుటకు చోటున్నదా యని ఆయన పూటపూటకును వ్రాసికొన్నాడు. ఈనాటి చదువరులకు అది విసుగు పుట్టించు జాబితావలె తోచును. కుంటుచు తిరిగినవానికి అట్లు తోచదు. మీరును ఆ నాలుగు దినములలో ఒక చిన్న పుస్తకము దగ్గఱ నుంచుకొని, ఏ పూట ఏమి తింటిరో, ఎన్ని గంటలు నిద్రపోతిరో, ఏ మెట్టు నొప్పించినదో వ్రాసికొనుడు. ఇది సాహిత్యమునకు కాదు. మరుసటి యేట పందెమునకు సాధన చేయువానికి వైద్యుడు చెప్పు మాటలకంటె ఎక్కువగా పనికివచ్చు లెక్క. మూడవనాటికి నిద్ర కుదిరినదా, నాలుగవనాడు మెట్లు తిన్నగా దిగితిరా యను రెండు ప్రశ్నలకు సమాధానమే మీరు తిరిగి పరుగు మొదలుపెట్టుటకు తగిన దినమును నిర్ణయించును. నా పుస్తకములో నాలుగవనాటి పుట: థిక్సే మెట్లు సగము; రొట్టెలు మూడు; నొప్పి ఎడమతొడకు మాత్రమే.

నాలుగు దినములు సెలవు దొరకనివారు చేయవలసినదేమని కొందఱు అడుగుచుందురు. పందెమునకు ముందటి పదిదినములలో కోత పెట్టుట ప్రమాదకరము, దానిజోలికి పోవలదు. తప్పనిసరియైన, రెండు దినములైన మిగుల్చుకొని, ఒకటి బజారునకు, రెండవది ఆల్చికి ఈయవలెను. పాంగాంగును, నుబ్రా లోయను మఱియొక యేటికి విడువవలెను. ఆ సరస్సు ఎక్కడికిని పోదు.

లేహ్‌నుండి విమానములు మిక్కిలిగా ఉదయపువేళలందే బయలుదేరును. మధ్యాహ్నమునకు ఆ లోయలో గాలులు బలియును. అందుచే పందెపు మరునాటికి టిక్కెట్టు కొన్నవాడు తెల్లవారుజామున చీకటిలో, బిగిసిన కాళ్లతో పెట్టెలు మోసికొనుచు, ఏమియు చూడకయే వచ్చినదారిని పోవలసినవాడగును. మీరింకను టిక్కెట్టు కొనియుండని యెడల, పందెపు తేదీకి నాలుగు కూడి, ఐదవనాటి ఉదయమునకు కొనుడు.